వీధిలో మిగిలిన నాలుగు మండువా లోగిళ్ళు కూడా పోయేలా ఉన్నాయి, ఏమైనా చేయొచ్చా?

కొబ్బరిమట్ట
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఊరి పేరు రాయను, మా పెదనాన్న గారి పిల్లలు కూడా ఇక్కడే తిరుగుతుంటారు. మా చిన్నప్పుడు వీధికి అటూ ఇటూ వరసగా మండువా లోగిళ్ళే ఉండేవి, నడుమ కప్పు లేని మండువా, దాని చుట్టూ గదులు. ఇప్పుడు నాలుగు మిగిలాయి, అందులో మాదొకటి. మిగతా చోట్ల గ్రానైటు మెట్లు, స్టీలు రెయిలింగులు వచ్చేశాయి.

సంక్రాంతి వెళ్ళాక పాత కలప కొనే ఆయన ఒకడు వచ్చాడు. మండువా చుట్టూ ఉన్న టేకు స్తంభాలు, వీధి తలుపు, దూలాలు అన్నీ టేపుతో కొలుచుకుని, ఒక స్తంభాన్ని గోటితో గీకి వాసన చూసి, మా అన్నయ్యకి ఓ రేటు చెప్పి వెళ్ళాడు. ఇటుక, పెంకు తనే ఎత్తించి స్థలం చదును చేసి ఇస్తాడట. అదో ఉపకారం! ఆ రేటు విన్న దగ్గర్నించీ మా వాళ్ళందరి కంటికీ ఆ ఇల్లు రేపో మాపో కూలిపోయేలా కనిపిస్తోంది.

నా ప్రశ్న ఏంటంటే, ఒక్క ఇంటిని కాకుండా వీధి మొత్తాన్ని పాత కట్టడాల వీధిగా గుర్తించే పద్ధతి మన దగ్గర ఏదైనా ఉందా? ఇంకోటి, వానాకాలంలో మండువా మూలల్లో ధారగా కారుతోంది. పిలిచిన ప్రతి మేస్త్రీ ‘పీకేసి స్లాబు వేయించుకోండి’ అంటున్నాడు. నిజంగా వేరే దారి లేదా?

గోదారిగట్టు
ఆ మేస్త్రీలని మే నెల మధ్యాహ్నం స్లాబు కింద పడుకోబెట్టి, లేచాక మళ్ళీ అడగండి.

ఈశాన్యమూల
కారేది ఏ మూల? ఈశాన్యమైతే నేను మాట్లాడతాను. మిగతా మూలలు మేస్త్రీలవి.

తాపీవారబ్బాయి
మీరు చెప్పినదాన్ని బట్టి తప్పు పెంకుది కాదు. మండువా ఇంటికి కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలుతుంది కదా. రెండు వాలులు కలిసే మూల వాసం మీద రేకు కాలువ ఉంటుంది. రెండు పక్కల కప్పు మీద పడ్డ నీళ్ళలో చాలా భాగం ఆ కాలువలోకే దిగాలి. రేకు తుప్పు పట్టి చిల్లు పడుతుంది. లేదంటే కొబ్బరి పీచు, ఎండుటాకులు, ఉడుత గూళ్ళు అడ్డం పడి నీళ్ళు రేకు అంచు దాటి వెనక్కి పోతాయి. పోయి తిన్నగా వాసం మీద పడతాయి. ఏళ్ళ తరబడి ఎవరూ పైకెక్కి చూడకపోతే వాసం కొస మెత్తబడి జారుతుంది, దాంతో పెంకుల వరస విడిపోతుంది. అప్పుడు మేస్త్రీ వచ్చి కప్పంతా పోయిందంటాడు.

వానలు లేని రోజుల్లో ఆ మూలకి రెండు వైపులా కొన్ని వరసల పెంకు దించండి. పాత రేకు తీసేసి, అంతకన్నా వెడల్పైన రేకుని రెండంచులూ పైకి మడిచి వేయించండి. వాసం పుచ్చినంత మేర కోసి పాత టేకు ముక్క అతికి బోల్టులు బిగించొచ్చు, మొత్తం మార్చక్కర్లేదు. పెంకు కింద అడ్డంగా ఉండే రీపర్లకి చెదల మందు కొట్టించండి. ఇదంతా వడ్రంగి పని. మీరు తాపీ మేస్త్రీని అడిగారు కాబట్టి స్లాబు అన్నాడు. మా నాన్న కూడా తాపీ మేస్త్రీయే, అందుకే ధైర్యంగా అంటున్నా.

కొబ్బరిమట్ట
@ఈశాన్యమూల మీ నోట్లో చక్కెర పొయ్య, ఈశాన్యమే ఎక్కువ కారుతోంది. వాయవ్యం కొంచెం.

@తాపీవారబ్బాయి ఇంటికంతా బెంగుళూరు పెంకు. వెనక గాదె ఉన్న సావిడికి మాత్రం ఇంకా గూనపెంకే. మరో మాట, నడుమెత్తు దాకా గోడకి నాన్నగారు సిమెంటు ప్లాస్టరింగు చేయించారు. అది పొరలు పొరలుగా ఊడి, లోపల తెల్లగా ఉప్పు పూసినట్టు కనిపిస్తోంది. ఇటుక కూడా పొడిపొడిగా రాలుతోంది.

తాపీవారబ్బాయి
అది సిమెంటు చేసిన పనే. సున్నం గోడ నేలలోంచి పీల్చిన తేమని బయటికి వదిలేస్తుంది. మీ కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, గోడ తేమ పీల్చకుండా ఎలా ఉంటుంది? దాని మీద సిమెంటు పూస్తే తేమకి దారి ఉండదు. పైకి ఎక్కుతుంది, ఉప్పు లోపలే గడ్డ కడుతుంది, ఇటుకని తినేస్తుంది. ఆ సిమెంటంతా చెక్కించేయండి, గోడని ఒక వేసవంతా ఆరనివ్వండి, ఆ తర్వాత మళ్ళీ సున్నమే పెట్టించండి.

మీ ఇంటి బెంగుళూరు పెంకులు 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి మొదలుపెట్టిన రకం. గాడి పెంకు కాబట్టి రీపరుకి పట్టుకుని కూర్చుంటుంది. గూనపెంకుకి ఆ పట్టు ఉండదు, కుమ్మరి సారె మీద చేసిన గూనని బోర్లా వెల్లకిలా పేర్చడమే. అందుకే ఏటా తొలకరికి ముందు సర్దించుకోవాలి. సావిడి కప్పు ఏటా సర్దించే మనిషి మీ ఊళ్ళో ఇంకా ఉంటే ఆయన్ని ముందు పట్టుకోండి.

గోదారిగట్టు
ఉన్నాడో లేదో. మా ఊళ్ళో పెంకు సర్దే ఆయన కొడుకు గల్ఫ్‌లో ఏసీలు బిగిస్తున్నాడు.

రాజోలుకోడలు
అందరూ స్తంభాల దగ్గరే ఆగిపోయారు. నేను పెళ్ళయి అలాంటి ఇంట్లోనే అడుగుపెట్టాను, ఇప్పటికీ అందులోనే ఉంటున్నాను కాబట్టి రెండు ముక్కలు చెబుతాను.

మండువాలో వాన పడుతుంటే చూడముచ్చటే, ఫోటోలు బాగా వస్తాయి. వాన వెలిశాక ఆ నాచు ఎవరు గీకుతారో ఫోటోలో పడదు. పడమటింట్లోంచి వంటింట్లోకి వెళ్ళాలంటే వసారా అంతా చుట్టి రావాలి. కొత్తగా పెళ్ళైన జంటకి గుసగుసగా మాట్లాడుకునే చోటుండదు, మండువాలో ఒక పక్క దగ్గితే నాలుగు పక్కలా వినిపిస్తుంది. రాత్రి పూట దొడ్డికెళ్ళాలంటే పెరడంతా దాటాలి. మా అత్తగారు తుంటి విరిగి మంచాన పడేదాకా మగవాళ్ళెవరికీ అది సమస్యగా తోచలేదు.

మేం చేసిందేంటంటే, ధాన్యం బస్తాలు పెట్టుకునే చీకటి గదిని బాత్రూముగా మార్చాం. అది బయటి గోడ వైపు ఉంది కాబట్టి గొట్టాలన్నీ బయట నుంచే పోయాయి, సున్నం గోడని చెక్కాల్సిన పని పడలేదు. మండువా మీద దోమతెరలాంటి జాలీ మడత పెట్టే ఫ్రేములో బిగించాం. వంటిల్లు కొత్తది కట్టుకున్నాం, పెరటి వైపు, రేకు కప్పుతో. ఇల్లు నిలబడాలంటే ముందు అందులో ఆడవాళ్ళు ఉండగలగాలి. మిగతా సంగతి తర్వాత.

ఈశాన్యమూల
బాత్రూము ఏ దిక్కున...

రాజోలుకోడలు
మీరు ఊడ్చి తుడిచే దిక్కున.

గోదారిగట్టు
😂 ఈశాన్యం గారు ఇంక వారం దాకా కనపడరు.

చవుడుమిద్దె
మా ప్రొద్దుటూరు పక్క ఇట్లా పెంకు కతలు లేవు, మాది మిద్దె. మందపాటి రాతి గోడ, పైన దూలాలు, దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి ఆ పైన చవుడు మన్ను. చవుడు నేల మన్ను తడిస్తే మెత్తుకుపోయి నీళ్ళు కిందికి దిగనియ్యదు. ఏటా వానలకు ముందు మిద్దెక్కి కొత్త చవుడు చల్లి తొక్కేవాళ్ళు. వెలుతురుకు మిద్దెలో గవాక్షం, వానొస్తే దాని మీద బండ మూత. లోపల గింజలకు పాతర, వాకిట్లో పశువులకు గాడిపాడు. ఎండాకాలం లోపలికి పోతే బయటకి రాబుద్ధి కాదు.

ఏటా చవుడు తొక్కే మనిషి లేక ఒక ఏడు వదిలేస్తారు. రెండో ఏడు మన్ను నెర్రెలిచ్చి కారుతుంది. మూడో ఏడు ‘ఇంక పడగొట్టేద్దాం’. మీ కోనసీమ కతకూ మా కతకూ ఏం తేడా లేదు. మనిషి పైకెక్కడం మానేసిన ఏడే ఆ ఇల్లు పోయినట్టు లెక్క.

సిక్కోలుచుట్టం
మండువాలు, మిద్దెలు అంటే కలిగినోళ్ళ ఇళ్ళు కాబట్టి కనీసం ఏడ్చేవాళ్ళున్నారు. మా ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు పోతే అడిగినోడు లేడు. గుండ్రంగా మట్టి గోడ, మీద తాటాకు కప్పు దాదాపు నేల దాకా దిగుతుంది, వంగి లోపలికి వెళ్ళాలి. గాలికి పట్టు దొరకదు, చుట్టూ తిరిగి పోతుంది. తీరం ఊళ్ళలో తుపాను అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. రేకుల షెడ్లు ఎగిరిపోయి పొలాల్లో పడ్డాయి. అయినా చుట్టిల్లుంటే పేదరికం అని, కాలనీ ఇల్లుంటే గౌరవం అని. మా మేనమామ చుట్టిల్లు పడగొట్టి ప్రభుత్వ పథకంలో స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. వేసవి రాత్రులు బయట మంచమేసుకుని పడుకుంటాడు.

కాలవగట్టు
ఇంతసేపూ చదివి ఊరుకుందామనుకున్నాను. మాదీ కోనసీమే, కాలవ గట్టు మీద పేట. మా తాత ఆ లోగిళ్ళలో ఒకదానికి పాలేరు. జీవితమంతా ఆ ఇంట్లో పని చేశాడు గానీ నడవ దాటి మండువా చూడలేదు. కూలి గింజలు అరుగు కింద నిలబడి పట్టుకునేవాడు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళతో వరి పండి, ఆ డబ్బుతో టేకు దూలాలు లేచాయి. కాలవ తవ్వినోళ్ళు, ఏటా పూడిక తీసినోళ్ళు మాత్రం ఆ కాలవ గట్టు మీదే తాటాకు పాకల్లో ఉన్నారు. ఎవరి వారసత్వం కాపాడదామని ఇక్కడ అడుగుతున్నారు?

గోదారిగట్టు
అడగాల్సిన మాటే.

కొబ్బరిమట్ట
మీరన్నది కాదనలేను. మా ఇంట్లోనూ అలాగే జరిగి ఉంటుంది, ఉండుంటుంది ఏంటి, జరిగింది. అయితే కూల్చేయమంటారా?

కాలవగట్టు
కూల్చమనలేదు. కూలిస్తే మా తాతకి ఒరిగేదేం లేదు, కలప వ్యాపారికి ఒరుగుతుంది. నేననేది, కాపాడేటప్పుడు స్తంభాలు, నగిషీ తలుపూ మాత్రమే కాపాడితే అది సగం అబద్ధం అవుతుంది. పాలేరు పడుకున్న పశువుల పాక, ధాన్యం కొలిచిన కళ్ళం, గాదె, ఏ వాకిలి నుంచి ఎవరు వచ్చేవాళ్ళో ఆ పెరటి దారి, ఇవి కూడా ఉండాలి. రేపు ఎవరైనా వచ్చి చూస్తే ఈ ఇల్లు ఎలా నడిచిందో మొత్తం తెలియాలి. అందంగా ఉందని మాత్రమే తెలిస్తే నాకు నచ్చదు.

ఓరుగల్లుపోరి
@కాలవగట్టు మాటకు వెయ్యి లైకులు. మా తెలంగాణల దొరల గడీల ముచ్చట ఇంకా ఘాటుంటది. వెట్టిచాకిరి చేసినోళ్ళ మనవళ్ళకు ఆ గోడ చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతది. సాయుధ పోరాటం రోజుల్లో కొన్నిటిని జనమే పడగొట్టిన్రు, అందులో తప్పేముంది. ఇంకొన్నిటిని తరవాత బడులకు, ఆఫీసులకు వాడుకున్నరు. దోమకొండ కోటను దాని సొంతదారు కుటుంబమే బాగు చేయించుకుంటే 2022ల యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డుల్లో మెరిట్ వచ్చింది. అంటే చేసే పద్ధతిల చేస్తే అయితది.

కానీ గడీలు వేరు, మామూలు రైతుల భవంతులు వేరు. మా నాయనమ్మది భవంతి ఇల్లే, నడుమ వాకిలి, చుట్టూ దంతెల కప్పు, డంగు సున్నం గోడలు. దాన్ని దొరలూ కూల్చలే, వానా కూల్చలే. కోతులు కూల్చినై.

చవుడుమిద్దె
కోతులా?

ఓరుగల్లుపోరి
నవ్వకు అన్నా. గుంపుగ వచ్చి పెంకు లేపి కింద ఏముందో చూస్తయి, పక్కకు విసిరేస్తయి. ఒక్క పూటల మొత్తం వరస లేచిపోతది. వానాకాలం మొదట్ల అట్లయితే ఇంట్ల బియ్యం తడిసిపోయినట్టే. పొద్దున పెంకు సర్దిపిస్తే మాపటికి మల్ల అంతే. మా వాడకట్టుల పెంకుటిండ్లు సగం అందుకే రేకులకు మారినై. పురాతన కట్టడాల సంరక్షణ అని మాట్లాడేటోళ్ళు ఎవరూ కోతుల సంగతి ఎత్తరు.

తాపీవారబ్బాయి
నిజమే, మా వైపూ మొదలైంది. కొందరు పెంకు మీద ఇనుప వల పరిచి రీపర్లకి కట్టేస్తున్నారు. చూడ్డానికి బాగోదు, కానీ పెంకు నిలుస్తుంది.

నాగోయాబాబు
జపాన్‌లో ఉంటాను. వీధి మొత్తాన్ని గుర్తించే పద్ధతి గురించి అడిగారు కదా, ఇక్కడ దగ్గర్లోనే ఒకటుంది. గిఫు రాష్ట్రంలో షిరకావా-గో అనే కొండలోయ, అందులో ఒగిమాచి అనే ఊరు. గడ్డి కప్పు ఇళ్ళు, నమస్కారం పెట్టిన చేతుల్లా నిటారుగా ఉంటాయి, మంచు జారిపోవాలి కాబట్టి. ఆ కప్పు కింద అటకల మీద పట్టుపురుగులు పెంచేవాళ్ళు. అవన్నీ మామూలు రైతుల ఇళ్ళు, రాజుల కోటలు కావు.

1971లో ఊరివాళ్ళే సంఘం పెట్టుకుని ‘అమ్మం, అద్దెకివ్వం, కూల్చం’ అని మూడు మాటల కట్టుబాటు రాసుకున్నారు. 1975లో ఇక్కడి ప్రభుత్వం సాంస్కృతిక సంపద చట్టాన్ని సవరించి, ఒక్కో భవనాన్నే కాకుండా ఊళ్ళని, వీధుల్ని గంపగుత్తగా రక్షించే వీలు కల్పించింది. 1976లో ఒగిమాచికి ఆ గుర్తింపు వచ్చింది. యునెస్కో పేరు 1995లో వచ్చింది, పక్కనున్న గోకయామా ఊళ్ళతో కలిపి.

కప్పు గడ్డి కొన్ని దశాబ్దాలకోసారి మార్చాలి. అది ఒక్క కుటుంబం వల్ల కాదు, ఊరంతా వంతుకి వచ్చి చేస్తారు. ఇవాళ నీ కప్పు, రేపు నా కప్పు. గడ్డి ఇళ్ళు కాబట్టి నిప్పంటే హడల్. ఊరి చుట్టూ నీటి గొట్టాలు పెట్టి ఏటా శరదృతువులో అన్నీ ఒకేసారి వదిలి పరీక్షిస్తారు, అది చూడ్డానికి కూడా జనం వస్తారు. మంచి మాత్రమే చెబితే బాగోదు, టూరిస్టుల బాధ చాలా ఉంది. సెలవు రోజుల్లో రోడ్డంతా కార్లు, మనుషులుండే ఇళ్ళలోకి మ్యూజియం అనుకుని తొంగిచూడ్డాలు.

గోదారిగట్టు
వంతు పద్ధతి మనకి లేదా ఏంటి? ఊడ్పులకి బదులు వెళ్ళేవాళ్ళం, తాటాకు ఇల్లు నేయడానికి వీధంతా వచ్చేది, భోజనం పెడితే చాలు. ఇప్పుడు పిలిస్తే ‘లొకేషన్ పెట్టు’ అంటారు, రారు. ‘అమ్మం’ అనే కట్టుబాటు మన ఊళ్ళో పెడితే రెండో రోజుకే ముగ్గురు అడ్వాన్సు తీసుకుని ఉంటారు.

ప్లీడరుగుమస్తా
చట్టం సంగతి నాకు తెలిసినంత చెబుతాను, ఇది సలహా మాత్రమే, కాగితాలు చూపించి మీ ఊరి వకీలుతో మాట్లాడుకోండి.

కేంద్రంలో ఉన్నది 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం. కనీసం వందేళ్ళ పాతదై, జాతీయ ప్రాముఖ్యం ఉందని ప్రకటిస్తేనే వర్తిస్తుంది. 2010 సవరణ తర్వాత అలా ప్రకటించిన కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతి మీద. మీ ఇంటికి అది తెప్పిస్తే వీధి వీధంతా మిమ్మల్ని కాలవలో తోస్తారు. గుళ్ళకీ కోటలకీ రాసిన చట్టం అది, మనుషులు కాపురముండే రైతు ఇళ్ళకి పొసగదు. తెలంగాణలో 2017లో వారసత్వ చట్టం చేశారు, అది మీ ఊరికి వర్తించదు. నాగోయా గారు చెప్పినట్టు కాపురాలుంటూనే వీధిని కాపాడుకునే ఏర్పాటు కావాలంటే పంచాయతీ తీర్మానం, ఇళ్ళవాళ్ళ మధ్య రాతకోతలతోనే మొదలుపెట్టాలి.

అసలు గండం వాటాల్లో ఉంది. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఉండే ఉంటుంది, దస్తావేజు ఉండదు, పన్ను రసీదులే ఆధారం. అందుకే రిపేరుకి బ్యాంకు లోను పుట్టదు. 2020లో మొదలైన స్వామిత్వ డ్రోన్ సర్వేలో ఇలాంటి ఇళ్ళకే ఆస్తి కార్డులు ఇస్తున్నారు. మీ ఊళ్ళో అయిందో లేదో కనుక్కోండి, కార్డు ఎవరి పేరు మీద పడుతుందో ముందు చూసుకోండి. ఉమ్మడి ఆస్తిని ఒక్క వాటాదారు తనంతట తాను కూల్చడానికి లేదు, కూల్చకుండా కోర్టులో ఇంజంక్షన్ అడగొచ్చు. మీ పోస్టులో అన్నదమ్ములే కనిపిస్తున్నారు. మేనత్తలు, అక్కచెల్లెళ్ళు లేరా? తాతగారి స్వార్జితమై వీలునామా లేకపోతే 1956 చట్టం నుంచే కూతురికి వాటా ఉంది. పిత్రార్జితమైతే మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని కూతుళ్ళకి కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చారు, 2005 కేంద్ర సవరణతో పెళ్ళి షరతు కూడా పోయింది. వాళ్ళ సంతకాలు లేకుండా కలప అమ్మితే రేపు కలప కొన్నవాడూ ఇబ్బంది పడతాడు. ఈ మాట ఆయన చెవిన వేయండి, రేటు అదే తగ్గుతుంది.

ఇంకొకటి. 1893 నాటి పార్టిషన్ చట్టం నాలుగో సెక్షను ప్రకారం, ఉమ్మడి నివాసపు ఇంట్లో ఒకరి వాటా బయటివాడు కొని పంపకానికి దావా వేస్తే, కుటుంబంలో వాళ్ళు కోర్టు కట్టిన విలువకి ఆ వాటా తామే కొనేసుకోవచ్చు.

కొబ్బరిమట్ట
మేనత్తలు ఇద్దరున్నారు. ఎవరికీ ఈ సంగతి తట్టలేదు. తట్టిందేమో, ఎవరూ ఎత్తలేదు.

రాజోలుకోడలు
తట్టి ఉంటుంది లెండి.

ఫామ్‌హౌస్‌బాబాయ్
అందరూ కలప వ్యాపారిని ఆడిపోసుకుంటున్నారు, కొనేవాణ్ణి కూడా మాట్లాడనివ్వండి. హైదరాబాద్ బయట నాకు చిన్న తోట ఉంది. అందులో వసారాకి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన స్తంభాలే వేశాను. తమిళనాడులో కారైకుడి వెళ్తే చెట్టినాడు ఇళ్ళ సామాను బజారు బజారంతా ఉంటుంది, అక్కడా చూశాను. నేను కొనకపోతే ఆ కలప హోటలు పొయ్యిలోకి పోయేది, లేదా గుమ్మాలుగా చీల్చేసేవాళ్ళు. నా దగ్గర కనీసం నూనె పూసి, కాలు తగలకుండా చూసుకుంటున్నాను.

కాలవగట్టు
స్తంభం బతికిందండీ. అది ఏ ఊరిదో, ఎవరు చెక్కారో మీకు తెలుసా?

ఫామ్‌హౌస్‌బాబాయ్
తెలీదు. వ్యాపారి చెప్పలేదు, నేనూ అడగలేదు.

తాపీవారబ్బాయి
ఆ స్తంభాల అడుగున ఉన్న రాతి దిమ్మెలు కూడా కొన్నారా? చాలామంది అవి వదిలేసి స్తంభాన్ని తిన్నగా సిమెంటులో పాతేస్తారు. కింద నుంచి తేమ పట్టి పుచ్చిపోతుంది. కలపకి నేల తగలకూడదనే రాయి పెట్టేవాళ్ళు.

ఫామ్‌హౌస్‌బాబాయ్
...రేపు వెళ్ళి చూస్తాను.

లంకపిల్ల
ఖర్చు ఎక్కడ నుంచి వస్తుందని ఎవరూ మాట్లాడలేదు. మా చిన్నాన్న వాళ్ళు సంక్రాంతికి, కార్తీకమాసానికి రెండు గదులు అతిథులకి ఇస్తున్నారు. మిగతా ఏడాది బేరం తక్కువే. సినిమా షూటింగులకి ఒకసారి ఇచ్చారు, స్తంభాలకి మేకులు కొట్టి లైట్లు వేలాడదీశారు, ఎర్ర గచ్చు మీద ట్రాలీ పట్టాలు లాగారు. ఆ గచ్చు పగుళ్ళు పూడ్చడానికి అయిన ఖర్చు తీసేస్తే మిగిలింది తక్కువ. ఇప్పుడు ముందు డిపాజిట్టు తీసుకుని, మేకు కొడితే ఇంత అని రాయించుకుంటున్నారు. నాలుగు ఇళ్ళూ కలిసి చేస్తే వంటమనిషి, ఊడ్చే మనిషి జీతం నాలుగు చోట్లకి పంచుకోవచ్చు. ఒక్క ఇంటితో ఎవరూ నెట్టుకు రాలేరు.

గోదారిగట్టు
అతిథుల కోసం ఊరు నడిపితే అది ఊరు కాదు, సెట్టింగు.

లంకపిల్ల
అయితే రేకు కాలువకి డబ్బులు మీరు పంపండి. అకౌంటు నంబరు ఇస్తాను.

గోదారిగట్టు
వాన పడుతోంది, సిగ్నల్ లేదు.

నాగోయాబాబు
ఇద్దరిదీ కరెక్టే. ఒగిమాచిలో కూడా చాలా ఇళ్ళు బసలుగా మారాయి. కానీ పొలాలు మాత్రం సాగు చేస్తూనే ఉన్నారు, వరి పొలం లేకుండా ఆ ఇల్లు ఒక్కటే నిలబడితే అర్థం లేదని వాళ్ళ వాదన.

కాలవగట్టు
అలాగే మన దగ్గర కొబ్బరి తోటలన్నీ రొయ్యల చెరువులైపోయాక నడుమ ఒక లోగిలి మిగిలితే ఏం బాగుంటుంది. ఉప్పునీళ్ళు గోడల్లోకి కూడా వస్తున్నాయి, అదింకో గోల.

తాతగారిపెట్టె
1996 నవంబరు 6 తుపాను రాత్రి మేం పదిహేను మందిమి అలాంటి లోగిట్లో ఉన్నాం. పెంకు విమానాల్లా లేచిపోయింది, కొబ్బరి చెట్లు వరసగా పడ్డాయి. కానీ రెండడుగుల గోడ కదల్లేదు, అందరం పడమటింట్లో గోడకి ఆనుకుని కూర్చుని తెల్లారేదాకా ఉన్నాం. తెల్లారాక ఊళ్ళో ఎవరూ ‘గోడ నిలబడింది’ అనలేదు, ‘పెంకు పోయింది’ అన్నారు. ఆ తర్వాతే మా వీధిలో స్లాబులు మొదలయ్యాయి. పెంకు మళ్ళీ వేయించే ఓపిక, డబ్బు రెండూ కొబ్బరితో పాటే పోయాయి. కాబట్టి కూల్చినవాళ్ళందరినీ డబ్బాశ అని తిట్టకండి.

సిక్కోలుచుట్టం
ఇది మాత్రం ఎవరూ కాదనలేరు.

కొబ్బరిమట్ట
చిన్న సమాచారం. ప్లీడరు గారి పోస్టు మా పెద్ద మేనత్తకి ఫోన్లో చదివి వినిపించాను. ఆవిడ అన్నయ్యకి ఫోన్ చేసి ‘నా వాటా నాకు స్థలంగా వద్దు, నేను పుట్టిన పడమటిల్లే కావాలి, కొలిచి ఇవ్వండి’ అందట. పడమటిల్లు విడగొట్టి ఇవ్వడం ఎలాగో తెలీక వ్యవహారం ప్రస్తుతానికి ఆగింది. కలపాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. మిగతా మూడిళ్ళలో ఇద్దరితో మాట్లాడాను, ఒకాయన సరే అన్నారు, ఒకాయన ‘మీ అన్నయ్య ఎంతకి ఇస్తున్నాడు’ అని అడిగారు. మూడో ఇల్లు అమెరికాలో ఉంది, అంటే ఇంటివాళ్ళు.

@కాలవగట్టు మీ తాతగారి కాలం నాటి సంగతులు ఎవరైనా చెప్పగలిగితే రాసిపెడతాను. సావిడి, పాక, గాదె కూడా ఫోటోలు తీయిస్తున్నాను, పెరటి దారితో సహా.

కాలవగట్టు
మా నాన్న చెబుతారు. ఆయనకి కోపం ఎక్కువ, ఓపిగ్గా వినాలి.

చవుడుమిద్దె
మేనత్తకు నా నమస్కారాలు చెప్పు సామీ.

కొబ్బరిమట్ట
@తాపీవారబ్బాయి సిమెంటు చెక్కించడం మొదలుపెట్టాం. సున్నం ఎలా కలపాలి? మార్కెట్లో దొరికే సంచి సున్నం పనికొస్తుందా? మా ఊరి సున్నం గానుగ రాయి గుడి పక్కన బోర్లా పడి ఉంది, దాని మీద పిల్లలు కూర్చుంటున్నారు.

తాపీవారబ్బాయి
గోడకి వెల్ల వేయడానికి అమ్మే పొడి సున్నం వద్దు, అది ఎప్పుడో గాలికి చచ్చి ఉంటుంది. బట్టీలో కాల్చిన రాతి సున్నంగానీ గుల్ల సున్నంగానీ ముక్కలుగా తెచ్చుకుని మీరే తొట్టిలో నీళ్ళు పోసి విరగబెట్టుకోండి. సలసలా మరుగుతుంది, కళ్ళద్దాలు, చేతికి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, పిల్లల్ని అసలే వద్దు. చల్లారాక జల్లించి, నీళ్ళు పైన నిలిచేలా ఉంచి కొన్ని వారాలు నాననివ్వండి, ఎంత నానితే అంత మెత్తన. తర్వాత ఉప్పు లేని ఇసుకతో కలిపి రుబ్బాలి. గానుగ తిప్పే ఎద్దులు ఇప్పుడు దొరకవు, మోటారు గ్రైండరు అద్దెకి దొరికితే సరిపోతుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కొద్దిగా పోస్తారు, ఎక్కువ పోస్తే చీమలు పడతాయి.

ముందు సావిడి వెనక గోడ మీద చదరపు గజం మేర పెట్టి చూడండి. పలచటి పొరలుగా, ఒక పొర గట్టిపడ్డాకే ఇంకో పొర. ఎండ తగలకుండా తడి గోనె వేలాడదీసి రోజూ తడపాలి. పగుళ్ళు వస్తే ఇసుక పాలు పెంచండి. రాకపోతే ఫోటో పెట్టండి, అప్పుడు ఇంటి గోడ సంగతి మాట్లాడుకుందాం.